నేల వాటా

మా ఇంట్లో అన్నం తినేటప్పుడు కంచంలో మెతుకు వదలాలంటే నాకు భయం. నా భార్య సుంకులమ్మ ఊరుకోదు. "పెట్టిందెంత, మిగిల్చిందెంత?" అని కంచం వంక చూస్తుంది. అది పిసినారితనం కాదు, వృత్తి. ఆమె మేకల పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్త. పొద్దున మేకకు మేత తూచి పెడుతుంది. మర్నాడు అది తొట్టిలో వదిలేసిన మేత తూస్తుంది. దాని వెనక కట్టిన గుడ్డసంచిలో పడిన పెంటికలు తూస్తుంది. పెట్టినదాంట్లోంచి ఈ రెండూ తీసేస్తే మిగిలేదే మేక ఒంటికి పట్టింది. ఆ మూడో తూకం నా విషయంలో వెయ్యనందుకు నేనామెకు జన్మంతా రుణపడి ఉంటాను.

నేను చేసేది మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు పని. హార్స్‌లీ కొండల కింద తోతాపురి కాయ దిగడం మొదలైందంటే మాకు ఊపిరి ఆడదు. గుజ్జు డ్రమ్ముల్లోకి పోతుంది, తొక్కా టెంకా పెరట్లోకి పోతాయి. పెరట్లో గుట్ట పడి, పులిసి, ఈగలు ముసిరి, ఊరంతా ఒకటే కంపు. ఆ నెలల్లో నేను ఎన్నిసార్లు స్నానం చేసినా బస్సులో నా పక్క సీటు ఖాళీగానే ఉండేది.

"ఆ తొక్కలన్నీ మేకలకు పెట్టకూడదా సుంకూ?" అని పెళ్ళయిన కొత్తలోనే అడిగాను.

"పెట్టచ్చు. రోంత తింటాయి. ఎక్కువ పెడితే కడుపు పులిసి, ఉబ్బి పడుకుంటాయి. సగం అరగదు" అంది. అప్పుడే ఆమె కళ్ళలో ఏదో వెలిగింది. ఆ వెలుగు నాకు తెలుసు. అది వెలిగితే ఇంట్లో వంట నాదే.

అలా నాలుగేళ్ళు వంట నాదే అయింది.

మేక తన మేతను తనంతట తాను అరిగించుకోదట. దాని కడుపులో కోటానుకోట్ల సూక్ష్మజీవులు కాపురం ఉండి, పీచును కుళ్ళబెట్టి, మేకకు వండి పెడతాయట. సుంకు తన ప్రయోగశాలలో గాజు కడుపు ఒకటి తయారుచేసుకుంది. గోరువెచ్చగా ఉంటుంది, నెమ్మదిగా కదులుతుంది, అప్పుడప్పుడు తేన్చుతుంది కూడా. కేంద్రం పాత తలుపును తినేస్తున్న చెదపురుగుల కడుపులోంచి ఒక జీవిని, కొండమేక కడుపులోంచి ఇంకొకదాన్ని తెచ్చి, ఆ గాజు కడుపులో జంట కట్టించి, మామిడి తొక్క తప్ప ఇంకేమీ పెట్టకుండా పెంచింది. బతికినవి బతికాయి, చచ్చినవి చచ్చాయి. చివరికి మిగిలినదానికి కేంద్రంవాళ్ళు ఏదో నంబరు పెట్టారు. దాని తిండి చూసి నేను ఆకలమ్మ అని పేరు పెట్టాను. నంబరు ఎవరికీ గుర్తులేదు.

ఆకలమ్మను మొదట మింగినవాడు దొరబాబు. నల్లగా, మెడ కింద వేలాడే రెండు తెల్లటి తోలు గంటలతో, ఎవరినీ లెక్కచేయని పోతుమేక. వాణ్ణి బోనులో నిలబెట్టి, పట్టీలు వేసి, వెనక సంచి కట్టి, ముందు తొట్టి నిండా మా ఫ్యాక్టరీ తొక్కలు పోశారు. ఆ సాయంత్రానికి తొట్టి అద్దంలా ఉంది.

మర్నాడు నేను తొక్కల ట్రాక్టరుతో కేంద్రానికి వెళ్ళేసరికి సుంకు బోను ముందు నడుముమీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"సంచి నువ్వు విప్పినావా?" అంది నన్ను చూడగానే.

"నేనిప్పుడే కదా వచ్చింది!"

"మరెవరు విప్పినారు? ఒక్క పెంటిక లేదు దీంట్లో."

సంచిని తిరగేసింది. వెలుతురుకు పెట్టి చిల్లి ఉందేమోనని చూసింది. బోను కింద వంగి చూసింది. నన్నూ వంగి చూడమంది. దొరబాబు మా ఇద్దరి వీపుల మీదుగా ఎటో చూస్తూ తీరిగ్గా నెమరువేస్తున్నాడు. మలబద్ధకమేమోనని వాడి పొట్ట నొక్కింది. పొట్ట మెత్తగా ఉంది. చెవి పెట్టి వింది. లోపల పని జోరుగా సాగుతోందట.

కొత్త సంచి కట్టింది. మర్నాడు అదీ ఖాళీయే. ఆ మర్నాడు నాలుగంటే నాలుగు పెంటికలు పడ్డాయి, మిరియపు గింజలంత. వాటిని తూకంలో పెట్టి, లెక్క వేసి, మళ్ళీ వేసి, మూడోసారి నాతో వేయించింది. నూటికి తొంభయ్యేడు పాళ్ళు అరిగిపోయింది. లోకంలో ఏ మేకా ఏ మేతనూ ఇంతగా అరిగించుకున్న దాఖలా లేదు.

నా భార్య మామూలుగా గట్టిగా నవ్వే మనిషి కాదు. ఆవేళ దొరబాబును బోనులోంచి తీసి, ముందుకాళ్ళు పట్టుకుని, తెల్లకోటుతో సహా గిర్రున తిరిగింది. వాడికీ ఏం ఉత్సాహం పుట్టిందో, విడిపించుకుని ఒక్క దూకులో తొట్టి మీదికి, తొట్టి మీంచి గోడ మీదికి, గోడ మీంచి డైరెక్టరుగారి కారు మీదికి ఎక్కాడు. ఒంటికి పట్టిన తిండి ఎక్కడో ఒకచోట బయటపడాలి కదా.

డైరెక్టరు సదాశివయ్యగారు కారు మీది గిట్టల గుర్తులు చూసి కూడా నవ్వారు. "అమ్మా, ఇంకొక్క నెలలో ప్రభుత్వంలో పెద్దవాళ్ళను పిలుద్దాం. అందరి ముందూ చూపిద్దాం. ఆ తరవాత ప్యాకెట్లు కట్టి రాష్ట్రంలో ప్రతి మందకూ పంచుదాం" అన్నారు. మా ఫ్యాక్టరీ పెరట్లో తొక్క అన్నది లేకుండా పోయే రోజు నా కళ్ళముందు కనపడింది. బస్సులో నా పక్కన ఎవరో ఒకరు కూర్చునే రోజు కూడా.

ఇక్కడ మా మామ బీరప్ప గురించి చెప్పాలి. సుంకు తండ్రి. తరతరాలుగా జీవాలను నమ్ముకున్న కురుబ మనిషి. ఆయన మందలో గొర్రెలు కొన్ని, మేకలే ఎక్కువ. వానలకు ముందు ఆయన పని మంద కట్టడం. రైతులు పిలుస్తారు. పగలు కొండమీద మేపుకొచ్చి, రాత్రి వాళ్ళ చేలో మందను నిలుపుతాడు. తెల్లారేసరికి ఆ జాగాలో పెంటికలు పరుచుకుని ఉంటాయి. మర్నాడు పక్క జాగా. అలా చేనంతా ఎరువు పడ్డాక వేరే చేనికి పోతాడు. రైతు ఆ ఇంటిల్లిపాదికీ సంగటి పెడతాడు, గింజలు కొలుస్తాడు.

అందరికంటే ముందు మంద పడేది రెడ్డెమ్మ చేలో. అదొక ఒప్పందం. సుంకు చిన్నప్పుడు మంద వెంట ఊరూరూ తిరిగేది. ఏ బడిలోనూ నెల నిలిచింది లేదు. ఒకసారి రెడ్డెమ్మ చేలో మంద పడినప్పుడు ఈ పిల్ల పెంటికలతో నేలమీద కూడికలు చేస్తోందట. రెడ్డెమ్మ చూసింది. "అన్నా, ఈ పిల్లను నా కాడ ఇడిసిపెట్టు. బడికి పంపుతా. నువ్వు మాత్రం ఏటేటా ముందు నా చేన్లోనే మంద కట్టల్ల" అంది. మామ సరేనన్నాడు. సుంకు పదో తరగతి దాకా రెడ్డెమ్మ ఇంట్లో తిని, రెడ్డెమ్మ ఇంట్లో చదివింది. రెడ్డెమ్మది గులకరాళ్ళ ఎర్రనేల. అయినా ఏటా ఆ ఊళ్ళో వేరుశెనగకాయ అందరికంటే బాగా ఊరేది ఆమె చేలోనే. ఇటు పెంటికలు, అటు చదువు. అప్పుడు మాట ఇచ్చుకున్నవాళ్ళు ఇప్పటికీ తప్పలేదు.

ఆ ఏడు రెడ్డెమ్మ చేనికి పోతూ మామ దారిలో కేంద్రానికి వచ్చాడు, కూతురి ఘనకార్యం చూద్దామని. సుంకు లోపల డైరెక్టరుగారితో మాట్లాడుతోంది. నేనే తిప్పి చూపించాను. బోనులో మెరిసిపోతున్న దొరబాబును చూసి ఆయన చాలాసేపు కదల్లేదు.

"ఏం నెమరేస్తాండాడు అల్లుడా! మా పెద్దమ్మి రెండు దినాలుగా నెమరు మరిసిపోయింది, సూడు" అన్నాడు.

పెద్దమ్మి ఆయన ముసలి మేక. మందకు ముందు నడిచేది. గేటు దగ్గర తల వాల్చుకుని నిలబడి ఉంది. ఆ తరవాత మామ చేసిన పని నేను మా తాతల దగ్గర కూడా చూశాను కాబట్టి నాకేమీ వింతగా అనిపించలేదు. నెమరు మరిచిన జీవానికి బాగున్న జీవం నోట్లోంచి నెమరుముద్ద తీసి పెడతారు మావాళ్ళు. దొరబాబు దవడ ఒడుపుగా పట్టి, వేలు పెట్టి, పచ్చటి ముద్ద ఒకటి లాగి, పెద్దమ్మి నోట్లో పెట్టి గొంతు నిమిరాడు. చేతులు పంచెకు తుడుచుకున్నాడు. కాసేపటికి పెద్దమ్మి దవడ కదిలింది.

"సూసినావా! నా కూతురి మేక కడుపు సల్లగుండ" అన్నాడు. ఇద్దరం టీ తాగాం.

ఆ సంబరంలోనే ఆయన, "ఆ తొక్కలేవో రోంత మాకూ తోలు, జీవాలు ఇష్టపడేటట్టుండాయి" అన్నాడు. పెరడు ఖాళీ అవుతుందంటే నాకేం చేదా? ఎక్కువ పెడితే ఉబ్బుతాయన్న సుంకు మాట కూడా మరిచిపోయాను. రోజుకో ట్రాక్టరు రెడ్డెమ్మ చేనికి తోలించాను. మేత కాళ్ళ దగ్గరికే వస్తోంటే మామ కొండ ఎక్కడం మానేశాడు. వేపచెట్టు కింద మంచం వేసుకుని, జీవితంలో మొదటిసారి పగటిపూట నిద్రపోయాడు. జీవాలన్నీ ఒకే తొట్టిలో నీళ్ళు తాగాయి. పెద్దమ్మి మూతినుంచి ఆకలమ్మ మందంతా సంచారం చేసింది. ఆ సంగతి మాకెవరికీ తెలియదు.

వారం తిరక్కముందే రెడ్డెమ్మ ఫోన్ చేసింది. సుంకు ఇంట్లో లేదు, నేనే ఎత్తాను.

"ఏమి నాయినా, మీ మామ నా చేన్లో మంద కట్టినాడా, బొమ్మల కొలువు పెట్టినాడా?"

"ఏమైందత్తా?"

"ఏమయ్యేదేంది? జీవాలు సూస్తే నున్నగా ఏనుగు పిల్లల మాదిర ఉండాయి. ఎగిరి గంతులేస్తాండాయి. నేల సూస్తే సిమ్మిన వాకిలే. ఒక్క పెంటిక ల్యా! ఆకాశం సూస్తే మబ్బు పడతాండాది. ఇత్తనం ఎప్పుడెయ్యాల నేను?"

ఆ మాట సుంకుకు చెప్పాను. నవ్వుతూ చెప్పాను, ఆమె కూడా నవ్వుతుందనుకుని. ఆమె చేతిలో గ్లాసు కింద పెట్టింది.

"మా నాయిన కేంద్రానికొచ్చినప్పుడు దొరబాబును ముట్టుకున్నాడా?"

నెమరుముద్ద సంగతి చెప్పాను. ఆమె తల పట్టుకుంది. తరవాత తల పట్టుకునే నవ్వింది. "నాలుగేండ్లు గాజు గొట్టాలు, తాళాలు, చేతికి తొడుగులు! అన్నీ పెట్టుకున్న్యా. మా నాయిన వేలు సంగతి మరిసిపోయినా" అంది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం బండి మీద బయల్దేరాం.

రెడ్డెమ్మ చెప్పింది అక్షరాలా నిజం. చేలో మంద నిలిచిన జాగా ఎర్రగా, శుభ్రంగా ఉంది. మేకలు మాత్రం పండగ చేసుకుంటున్నాయి. ఒకటి రాతికట్ట మీద, రెండు వేపచెట్టు మొదటి కొమ్మ మీద, పెద్దమ్మి అయితే మామ మంచం మీద. ముసలితనం వదిలేసి దూకుతోంది. మామ మాత్రం మంచం పక్కన నేలమీద కూర్చుని ఉన్నాడు. ఒక్క వారంలో చిక్కిపోయాడు.

"అమ్మా, నాకేదో శాపం తగిలిందే" అన్నాడు సుంకును చూడగానే. "మా నాయిన కాలం నుంచి మా మంద నిలిచిన చేను పండకుండా పోలేదు. ఈపొద్దు ఊర్లో అందరూ వచ్చి సూసి పోతాండారు. పక్క చేని మునెప్ప ఈయేడు నన్ను రావద్దన్నాడు. ఉత్త మందను కట్టుకోని ఏం జేస్తామన్నాడు. నేనేమో సంగటి తింటాండా ఈయమ్మ సేతిది. ఊరికే తింటాండా."

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు చాలా బాధేసింది. ఏనాడూ ఎవరి దగ్గరా ఊరికే తినని మనిషి.

రెడ్డెమ్మ సంగటి గిన్నె పట్టుకుని గట్టు మీద నిలబడి ఉంది. "ఊరుకో అన్నా. ఒక ఏడు పండకపోతే నేనేం గంగలో దూకను" అంది. అందిగానీ చూపు మబ్బు మీదే ఉంది.

సుంకు వంగి గుప్పెడు మట్టి తీసుకుంది. వేళ్ళ మధ్య నలిపింది. అది ఇసుకలాగా జారిపోయింది.

"మూత్రం పడతాండాది కదా, అదీ ఎరువే కదా" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"ఎరువే. ఈ గులకనేలలో నిలవదు. ఒక వానకు కొట్టుకోని పోతాది. దీనికి కావల్సింది పీచు. మేకకు అరగని పీచు. అదే ఇక్కడ నానుతాది, తేమ పట్టి ఉంచుతాది" అంటూ మట్టి దులుపుకుంది. "ఇన్నేండ్లూ నేను లెక్క వేసేటప్పుడు పెంటికలను నష్టం కిందే రాసుకున్న్యా. అరగనిదంతా వృథా అని. అది వృథా కాదయ్యా. నేల వాటా. నేను మేకకు పెట్టేదాని కోసం నేల నోటికాడ కూడు లాక్కున్న్యా."

ఇంటికి తిరిగి వస్తూ నేను చెప్పాల్సింది చెప్పాను. పెద్దవాళ్ళు వచ్చే రోజు దగ్గరపడింది. పేరు వస్తుంది. మా పెరడు నాలుగేళ్ళ తరవాత మొదటిసారి సిమెంటు గచ్చు కనపడేలా ఉంది. రెడ్డెమ్మకు కావాలంటే ఈ ఒక్క ఏటికి వేరే మంద పిలిపిద్దాం.

"ప్యాకెట్లు పంచినాక ఏ మంద పిలిపిస్తావు?" అంది వెనకనుంచి.

నేను బండి ఆపేశాను. అంతవరకు నాకు తోచనేలేదు. ప్రతి మందకూ ప్యాకెట్టు. ప్రతి మందా నున్నగా, బలంగా. ఏ చేలోనూ పెంటిక లేదు. ఏ రైతూ ఏ మందనూ పిలవడు. మా మామలాంటివాళ్ళకు సంగటి పెట్టే ఇల్లు ఉండదు. ఏ ఊళ్ళోనూ ఏ రెడ్డెమ్మా ఏ పిల్లనూ ఇక్కడ వదిలిపెట్టు అని అడగదు.

"నీ పెరడూ శుభ్రం, రెడ్డెమ్మత్త చేనూ శుభ్రం. బాగుండాది కదా?" అంది సుంకు. నేను బండి మళ్ళీ తీశాను.

ఆమె ఏడుస్తుందేమోనని అద్దంలో చూశాను. ఏడవడం లేదు. కళ్ళలో ఆ పాత వెలుగు ఉంది. మళ్ళీ వంట నాకే పడిందని అర్థమైంది, చెప్పొద్దూ, ప్రాణం లేచొచ్చింది.

ఆమెకు తోచిన ఉపాయం ఇదీ. దొరబాబును పుట్టినప్పటినుంచి బోనులోనే పెంచారు. మామ మంద కొండ ఎక్కడం మానేసి తొక్కల మీదే పడింది. రెండుచోట్లా కొండాకు లేదు. కొండాకు తిని బతికే పాత సూక్ష్మజీవులు ఆకలితో పోయాయి. ఇల్లంతా ఆకలమ్మ ఒక్కదానిదే అయింది. పాత కాపులను తిరిగి తెచ్చి, వాటికీ రోజూ తిండి పెడితే, ఆకలమ్మ తన వాటా తను తిని ఊరుకుంటుందా? గాజు కడుపులో చూసింది. ఊరుకుంటోంది. కానీ గాజు కడుపు వేరు, మందలో జీవం వేరు.

"నాయినా, మళ్ళా ముద్దలు తియ్యల్ల" అని ఫోన్ చేసింది.

"ఎవురి నోట్లోంచి?"

"తొక్క ముట్టుకోని మంద ఏదన్నా ఉందా? కొండమీదే మేసేది?"

"ఒకటుంది. మా తమ్ముడు సిద్దప్పది. వాడితో నేను మాట్లాడి నాలుగేండ్లయింది" అన్నాడు మామ.

వాళ్ళ తగాదా ఒక పొట్టేలు కొమ్ము విరిగిన విషయంలో వచ్చింది. ఎవరి పొట్టేలు ముందు పొడిచిందో ఇప్పటికీ తేలలేదు. కానీ మామ వెళ్ళాడు. నేనూ, సుంకూ వెంట వెళ్ళాం. కొండవాలులో సిద్దప్ప అన్నను చూసి కర్ర ఆనించుకుని నిలబడ్డాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు.

"సిద్దా, నా జీవాలు పెంటికలెయ్యడం మానేసినాయిరా" అన్నాడు మామ.

సిద్దప్ప ముఖం బిగపట్టాలని చూశాడు. పెదాలు వణికాయి. చివరికి పొట్ట పట్టుకుని, ఆ కొండంతా వినపడేలా నవ్వాడు. "నీ నోరు ఎప్పుడన్నా మూసుకుంటాదేమో అనుకుంటి. నీ జీవాలవి మూసుకున్న్యాయా!" అన్నాడు. మామ కూడా నవ్వాడు. ఇంకేముంది, తగాదా అక్కడితో సరి.

ఆ రోజంతా అన్నదమ్ములిద్దరూ ముద్దలు తీశారు. కూతురు కూడా తీసింది. శాస్త్రవేత్త సుంకులమ్మ చేతి తొడుగులు తీసి పక్కన పెట్టి, చిన్నప్పుడు నేర్చుకున్న ఒడుపుతో దవడలు పట్టి, ముద్దలు లాగి, వెచ్చటి నీళ్ళ క్యాన్లలో వేసింది. నా పని మేకల కాళ్ళు పట్టుకోవడం. ఒకటి తన్నింది కూడా.

క్యాన్లు తెచ్చి మామ మందకంతా తాగించాం. దొరబాబుకూ తాగించాం. మామ మంచం మడిచేశాడు. పొద్దున కొండ, సాయంత్రం తొక్క, అదీ రోజు పద్ధతి. బోనులోని దొరబాబుకు కొండాకు కోసి తెచ్చి వేశాం. ఇక ఎదురుచూడడమే మిగిలింది. ఆకాశం నల్లబడుతోంది. రెడ్డెమ్మ విత్తనం కాయలు ఒలిచి బుట్టలో పెట్టుకుని కూర్చుంది.

పెద్దవాళ్ళు రావడానికి ముందురోజు ఉదయం సుంకు దొరబాబు సంచి విప్పింది. నేను అక్కడే ఉన్నాను. గలగలమని చప్పుడైంది.

ఎన్నో చప్పుళ్ళు విన్నాను నేను. అంత ఇంపైనది వినలేదు. నా భార్య ఆ సంచిని చెవి దగ్గర పెట్టుకుని, ఆడించి, మళ్ళీ వింది. తరవాత తూకం వేసింది. నూటికి డెబ్బయ్యొకటి అరిగింది. మిగతాది సంచిలో ఉంది, నల్లగా, గుండ్రంగా, నిగనిగలాడుతూ.

"మా అమ్మే!" అని ఆమె సంచిని ముద్దు పెట్టుకోబోయింది. నేను ఆపాను. ఎంతైనా భర్తను.

మర్నాడు వచ్చిన పెద్దవాళ్ళ ముందు డైరెక్టరుగారు తొంభయ్యేడు అని రాసిన బ్యానరు కట్టించారు. సుంకు లేచి, ఆ అంకె వద్దండీ, డెబ్బయ్యొకటి అనండి అంది. హాలులో గుసగుసలు మొదలయ్యాయి. డైరెక్టరుగారు చెమట తుడుచుకుని, "ఏమ్మా, సాధించిన అంకెను తగ్గించుకునే శాస్త్రవేత్తను నేనింతవరకు చూడలేదు" అన్నారు.

"ఆ తొంభయ్యేడు మేక ఒక్కదాని లెక్క సార్. ఇది మేకదీ, నేలదీ కలిపిన లెక్క" అంది సుంకు. "ఇదివరకు తొక్కలో సగం కూడా అరిగేది కాదు. ఉబ్బి పడుకునేవి. ఇప్పుడు బాగా తింటాయి, బాగా పెరుగుతాయి. అరగంది చేనికి పోతుంది. ప్యాకెట్టుతో పాటు ఒక షరతు రాయండి. పూట తొక్క, పూట కొండ. ఒట్టి ఆకలమ్మను మాత్రం నేను ఎవరికీ ఇవ్వను. ఇంట్లో చిన్నదానికి ముద్దెక్కువ చేస్తే ఏమవుతుందో మీకు తెలియదా?"

ముందు వరసలో కూర్చున్న పెద్దావిడ ఒకరు ఫక్కున నవ్వారు. "మా ఊరి చేలో కూడా మంద కట్టేవాళ్ళమ్మా" అన్నారు. ఆ తరవాత చప్పట్లు బాగానే పడ్డాయి. డైరెక్టరుగారు కూడా కొట్టారు, కొంచెం ఆలస్యంగా. మా ఫ్యాక్టరీ పెరట్లో ఇప్పుడు తొక్కలు కొద్దిగా మిగులుతాయి. బస్సులో నా పక్కన ఒకరు కూర్చుంటారు, కొంచెం ఎడంగా. నాకు చాలు.

ఆ సభ అయిన వెంటనే సుంకు కోటు కూడా విప్పకుండా దొరబాబును ట్రాక్టరు ఎక్కించింది. ఇక వాడు బోనులో ఉండక్కర్లేదంది. రెడ్డెమ్మ చేనికి చేరేసరికి ఎండ మబ్బులోకి దూరింది. మామ గట్టు మీద నిలబడి ఉన్నాడు. ఆయన వెనక చేనంతా పెంటికలు. కొండెక్కే మంద దొరబాబుకంటే ముందే దారిలో పడిందట. గులకరాళ్ళకూ పెంటికలకూ తేడా తెలియనంతగా పరుచుకుని ఉన్నాయి. పక్క చేని మునెప్ప మా మామ దగ్గర వంగి వంగి మాట్లాడుతున్నాడు, తర్వాత మంద తనకే కట్టమని. మామ వెంటనే సరే అనలేదు. కాసేపు తలపాగా సర్దుకున్నాడు. ఆ మాత్రం బెట్టు ఆయన హక్కు.

రెడ్డెమ్మ ఎదురొచ్చి సుంకు గడ్డం పట్టుకుంది. "ఏమే పిల్లా, కూడికలు సరిపోయినాయా?" అంది.

"సరిపోయినాయత్తా."

మంద ఎత్తే రోజున రైతు తొలి గుప్పెడు విత్తనం మంద ఇంటి ఆడబిడ్డ చేత వేయిస్తాడు. అది అక్కడి ఆచారం. సుంకు పైచదువులకు పోయాక ఆ గుప్పెడు రెడ్డెమ్మ తనే వేస్తూ వచ్చిందట, ఈ పిల్ల పేరు చెప్పి. ఇప్పుడు ఒలిచిన వేరుశెనగ విత్తనాలు దోసిలితో తీసి సుంకు తెల్లకోటు జేబులో పోసింది. నాగలి చాలు పట్టింది. సుంకు చెప్పులు విడిచి, చాలు వెంట నడుస్తూ, ఒక్కొక్క గింజ జారవిడిచింది. మామ తల తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాడు. మా అందరికీ తెలిసిపోయింది.

మొదటి చినుకు పడింది. సుంకు పరుగున వచ్చి దొరబాబు పట్టీలు విప్పింది. పుట్టిన తరవాత మొదటిసారి వాడు వెనక సంచి లేకుండా మట్టినేల మీద నిలబడ్డాడు. వాడు చేలోకి నాలుగడుగులు వేసి, మట్టి వాసన చూసి, అనుమానంగా మావంక చూశాడు. తోక ఎత్తాడు. టపటపమని తడినేల మీద పెంటికలు రాలాయి.

తూచే తక్కెడ ట్రాక్టరులోనే ఉంది. అలవాటు కొద్దీ తీసి ఆమె చేతికి అందించబోయాను.

"ఉండనీలే" అంది సుంకు, నా చెయ్యి పట్టుకుని వానలో నిలబడి. "అవి తూచేదానికి కాదు."